చుట్టాలకు హారిక రాసిచ్చిన జాబితా

తిరుపతి నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. వీధిలో ఎవరు ఎదురైనా అడిగే మొదటి మాట, "పెళ్లి బాగా జరిగిందా?" రెండో మాట, "ఏమేం చూశారు, ఏమేం తిన్నారు?" మొదటిదానికి నా దగ్గర సమాధానం లేదు. రెండోదానికి మాత్రం బోలెడంత ఉంది. వేసవి సెలవుల్లో మా తణుకు నుంచి ఆ వైపు వెళ్లేవాళ్లు చాలామంది కాబట్టి, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మధ్యలో నా గోడు కూడా వస్తుంది. అది అక్కర్లేనివాళ్లు తిండి సంగతులు చదువుకుని మిగతాది వదిలేయొచ్చు, నేనేమీ అనుకోను.

పెళ్లి మా తమ్ముడు మురళి కూతురు హారికది. మురళి ఉద్యోగం మీద తిరుపతి వెళ్లి ఇరవై ఆరేళ్లు దాటింది. అక్కడే పెళ్లి చేసుకున్నాడు, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. హారిక ఇంటర్మీడియట్ రెండేళ్లూ తణుకులో మా ఇంట్లో ఉండి చదివింది. తెల్లవారుజామునే లేచి దానికి క్యారేజీ కట్టింది నేను, తలకి నూనె రాసి జడ వేసింది నేను. మా ఆయన పోయింది కూడా ఆ రోజుల్లోనే. రాత్రిళ్లు నాకు నిద్రపట్టకపోతే ఆ పిల్ల పుస్తకాలు తెచ్చుకుని నా మంచం మీదే కూర్చుని చదివేది.

పెళ్లి కుదిరిన రోజు ఫోన్ చేసింది. "అత్తా, తాళి కట్టేటప్పుడు నువ్వు నాకు ఎదురుగా కూర్చోవాలి. నిన్ను చూస్తూ ఉంటే నాకు కంగారు ఉండదు" అంది. నేను వెళ్లింది ఆ ఒక్క మాట కోసమే. ఏడుకొండల వాణ్ణి అంతకు ముందు నాలుగుసార్లు చూశాను, ఆయన కోసమైతే ఈ మోకాళ్లతో అంత దూరం రైలెక్కేదాన్ని కాదు.

బయల్దేరడానికి పది రోజుల ముందు హారిక ఫోన్‌లో ఒక జాబితా పంపింది. "బయటి ఊళ్ల నుంచి వచ్చే మా చుట్టాలకు" అని పైన రంగుల అక్షరాలు. మూడు రోజులు, ఏ పూట ఏ హోటల్లో ఏం తినాలి, ఏ గుడి చూడాలి, కారు ఎన్నింటికి వస్తుంది, అంతా ఉంది. కింద వాయిస్ మెసేజ్: "అత్తా, అందరికీ ఒకటే పంపాను గానీ నీకు మాత్రం విడిగా, నీకు సరిపోయేట్టు రాశాను." దాన్ని పక్కింటావిడకి వినిపించాను, ఎదురింటావిడకి వినిపించాను. మేనకోడలంటే ఇలా ఉండాలి అనిపించుకుని మరీ రైలెక్కాను.

శుక్రవారం: గోవిందరాజస్వామి గుడి దగ్గర

రైలు దిగేసరికి ఆరున్నర. స్టేషన్‌కి మురళి వస్తాడనుకున్నాను. కారు వచ్చింది. డ్రైవరు చెంగల్రాయుడు, నలభై అయిదేళ్ల మనిషి, నుదుట నామం, మెడలో కండువా. "సారుకు ఇంట్లో పని తెగడంలేదమ్మా. మూడు దినాలూ మిమ్మల్ని సూసుకోమని నన్ను పంపించినారు" అన్నాడు. బస కూడా ఇంట్లో కాదు, లాడ్జిలో. కారణం జాబితాలోనే ఉంది: ఇంట్లో ఖాళీ గదులన్నీ మేడ మీద, అత్తకి మోకాళ్ల నొప్పులు. పిల్ల ఎంత ఆలోచించిందో చూడు అని మురిసిపోయాను.

జాబితాలో మొదటిది గోవిందరాజస్వామి గుడి పక్క సందులో టిఫిను. పెద్ద హోటలు కాదు, ఆరు బల్లలు. నా బల్ల దగ్గర కూర్చున్న కుటుంబం కొండ దిగి వచ్చినట్టుంది. తండ్రి, తల్లి, అవ్వ, ముగ్గురు పిల్లలు, అందరివీ గుండ్లే, పైన చందనం. జుట్టుతో ఉన్నది నేనొక్కదాన్నే కావడంతో ఏదో తప్పు చేసినట్టు అనిపించింది. చిన్నపాప నా జడ వంకే చూసి చూసి ఏడుపు లంకించుకుంది. "నిన్నటిదాకా దానికీ ఉండె. అద్దం సూసినప్పుడంతా ఇదే పాట" అంది వాళ్ల అవ్వ, ఇడ్లీ తుంచి దాని నోట్లో కుక్కుతూ.

మా వైపు పొంగలి అంటే బెల్లంతో చేసేదే. ఇక్కడ ఉప్పు పొంగలి పొద్దుటి టిఫిను. యాభై రూపాయలు, నెయ్యి విషయంలో పిసినారితనం లేదు, మిరియాలు పంటి కింద పడుతుంటాయి. పక్కన చెనిక్కాయల చట్నీ, అంటే మన వేరుశనగ పచ్చడి. నాలుగు రకాల చట్నీలు పెట్టి ఒక్కదానికీ రుచి లేకుండా చేసే మా ఊరి హోటళ్లవాళ్లు ఒకసారి ఇక్కడికి వచ్చి నేర్చుకుని వెళ్లాలి. ఎర్రకారం పూసిన దోశ కూడా తిన్నాను. కళ్లంట నీళ్లు వచ్చాయి, అయినా సగంలో వదలబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం మురళి ఇంటికి వెళ్తానన్నాను. జాబితాలో ఆ పూట విశ్రాంతి అని ఉంది. ఫోన్ చేస్తే సుజాత, అంటే మా మరదలు, "ఎండలో ఎందుకు వదినా, రేపు సాయంత్రం మండపంలో కలుస్తాం కదా" అంది. మర్యాదగానే అంది. ఆమె ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడుతుంది, అందులో వంక పెట్టడానికి లేదు.

శనివారం: చంద్రగిరి

కోట తిరుపతికి దగ్గరే. తప్పకుండా చూడండి. బయట నిప్పులు చెరిగే ఎండ ఉన్నా రాజమహల్ లోపల చల్లగా ఉంటుంది. పక్కనే రాణీమహల్. "రాణులు ఈడ ఉండేవాళ్లంటమ్మా" అని చూపించాడు చెంగల్రాయుడు. "ఎవరు ఎక్కడ ఉండాలో ముందే కట్టి పెట్టేశారన్నమాట" అని నవ్వాను. అప్పటికి నాకది హాస్యమే. బయట కొనుక్కున్న నిప్పట్ల పొట్లాన్ని, అవి మన చెక్కలే, ఒక కోతి తీరిగ్గా వచ్చి చేతిలోంచి తీసుకుని వెళ్లిపోయింది. దానికీ నాకూ గొడవ ఏమీ జరగలేదు.

భోజనం రోడ్డు పక్క రేకుల షెడ్డులో రాగి సంకటి, నాటుకోడి పులుసు. రెండొందల ఇరవై. వడ్డించే ఆవిడే యజమాని. నేను సంకటి ముద్దని అన్నంలా నములుతుంటే కాసేపు చూసి ఊరుకుంది, ఇంక తట్టుకోలేక దగ్గరికి వచ్చింది.

"నమిలితే యాడ దిగుతాది తల్లీ. పులుసులో ముంచి మింగాల."

మింగాను. నిజమే, దిగింది. ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగితే, పెళ్లికి వచ్చానని, రేపే పెళ్లని, పెళ్లికూతురు మా తమ్ముడి కూతురని చెప్పాను.

"మేనత్తా? పెండ్లి రేపు పెట్టుకోని ఈడ సంకటి తింటాండావా?" అని ఆవిడ గట్టిగా నవ్వింది. "మా ఇంట్లో పెండ్లయితే మేనత్తకు నీళ్లు తాగేకి గూడా టైముండదు."

అందుకే మా మేనకోడలు ఇంత ఏర్పాటు చేసింది, నన్ను కష్టపెట్టకూడదని, అని గొప్పగా చెప్పాను. ఆవిడ పులుసు ఇంకో గరిటె పోసింది. కారెక్కాక ఇంటి దగ్గర ఏం జరుగుతోందని చెంగల్రాయుణ్ణి అడిగాను. "ఏముందమ్మా, పసుపు పూసుకుంటాండారు" అన్నాడు. హారిక ముందే చెప్పింది, అది మా ఫ్రెండ్స్ గోల అత్తా, అరుపులూ పాటలూ, నీకు తలనొప్పి వస్తుంది అని. సరే, పిల్లల సరదా అనుకున్నాను.

శనివారం సాయంత్రం: మండపం

మా గోదావరి వైపు తాళి పడ్డాకే రిసెప్షను. ఇక్కడ ముందురోజు సాయంత్రమే. మెడలో తాళి లేకుండానే పిల్లా పిల్లాడూ సింహాసనాల్లాంటి కుర్చీల్లో పక్కపక్కనే కూర్చున్నారు, ఊరంతా వరస కట్టి అక్షింతలు, కవర్లు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే సుజాత వాళ్ల అన్న భార్య చెప్పింది, "ఈడ ఇంతే అక్కా. అరవోళ్లని సూసి మనమూ నేర్చుకున్నాం. రిసెప్షనుకు ఊరంతా వస్తాది. రేపు ముహూర్తానికి కావాల్సినోళ్లే ఉంటారు." నేను కావాల్సినదాన్నే కదా అనుకుని ధీమాగా వెళ్లి భోజనానికి కూర్చున్నాను.

ఆకులో ముందు తీపి పడుతుంది. ఓళిగ, అంటే బొబ్బట్టు, పల్చగా చీరమడతలా ఉంది, మీద నెయ్యి. రెండోది కూడా వేయించుకున్నాను. నా పక్కన కూర్చున్న ఆవిడే, సుజాత వాళ్ల అన్న భార్య, ఆకులోకి వంగినప్పుడు చెవి వెనక పసుపు కనిపించింది. అటుపక్క ఆవిడ గోళ్లలోనూ పసుపే. ఇది పిల్లల సరదా కదా, వీళ్లెందుకు పూసుకున్నారు అని అనిపించింది. అనిపించి, సాంబారు రాగానే మరిచిపోయాను. నాకు తిండి ముందు బుద్ధి పనిచేయదని మా ఆయన అనేవాడు.

వేదిక మీదకి వెళ్లి హారికని పట్టుకున్నాను. అది నన్ను వాటేసుకుంది. పెళ్లికొడుకు దినేష్ నా కాళ్లకి దండం పెట్టాడు, నెమ్మదైన పిల్లాడు. "అత్తా, త్వరగా వెళ్లి పడుకో. రేపు ఆరున్నరకల్లా కారు వస్తుంది. కాణిపాకం వినాయకుణ్ణి చూడకుండా మా ఊరు వచ్చామని ఎవరూ అనరు" అంది హారిక.

"ముహూర్తం పది నలభైకి కదే?"

"పది కల్లా వచ్చేస్తారు. నేను చూసే రాశాను కదా."

బయటికి వచ్చేటప్పుడు కొబ్బరికాయ, అరటిపళ్లు, ఆకువక్క వేసిన గుడ్డసంచి చేతిలో పెట్టారు. ఈ ఆచారం మనవాళ్లూ పెట్టుకుంటే బాగుంటుంది.

ఆదివారం: పూతలపట్టు

కారులో ముగ్గురం. ముందు సీట్లో సుజాత పిన్నమ్మ, డెబ్బై దాటిన మనిషి, ఎక్కీ ఎక్కగానే నిద్రపోయింది. వెనక నా పక్కన సన్నటి, నల్లటి మనిషి, గట్టి చేతులు, ఇస్త్రీ చేసిన నూలుచీర. దేశమ్మ అని చెప్పింది. నగరిలో పవర్‌లూమ్ మగ్గాలు నడుపుతుందట. "దినేష్ మావోడే" అంది.

పెళ్లికొడుకు తల్లి. వరసకు మేమిద్దరం అక్కచెల్లెళ్లమవుతాం. రాత్రి రిసెప్షనులో ఈమె ఎక్కడా కనిపించలేదే అనుకున్నాను. దినేష్ నాలుగో తరగతిలో ఉండగా భర్త పోయాడట. అప్పట్నుంచీ పొద్దున ఆరింటికి మగ్గం దగ్గర నిలబడితే పొద్దుపోయేదాకా నిలబడటమే. లుంగీలు, తువ్వాళ్లు. "మగ్గం సప్పుడులోనే సదివినాడక్కా మావోడు. ఇప్పుడు బెంగుళూరులో రూములో నిశ్శబ్దంగా ఉంటే నిద్ర రాదంటాడు" అని నవ్వింది. చేతిలో ఒక కాగితం మడత. అందులో హారిక పేరు, దినేష్ పేరు, నక్షత్రాలు, గోత్రాలు. అర్చనకి.

"పెళ్లికొడుకు తల్లివి, ఇవ్వాళ పొద్దున నువ్వు ఇక్కడేమిటి?" అన్నాను.

"పీటల మీద మా మరిదీ, తోడికోడలూ కూర్చుంటారు. నేను అర్చన సేయించాల" అంది.

"అయితే ఏం, పదికల్లా వెళ్లిపోతాం కదా."

ఆమె కాగితం విప్పి పేర్లు ఇంకోసారి చదువుకుంది. దారంతా మామిడితోటలు. రోడ్డు పక్కన తోతాపురి కాయలు కుప్పలు పోసి ఉన్నాయి. మన బంగినపల్లిని వీళ్లు బేనీషా అంటారు. తోటల దగ్గర కొంటే కిలో నలభైకి ఇచ్చారు, తణుకులో అదే కాయ ఎనభై. ఈ సమాచారం మాత్రం తప్పకుండా రాసుకోండి.

పూతలపట్టు కూడలిలో టీ కోసం ఆపాడు చెంగల్రాయుడు. మల్లెపూల బుట్టతో ఒకామె మా కారు దగ్గరికి వచ్చింది. నా కిటికీలోంచి లోపలికి వంగి "మూర ముప్పై..." అని మొదలుపెట్టింది. నా మెడ చూసింది. దేశమ్మ మెడ చూసింది. ముందు సీట్లో నిద్రపోతున్న ముసలావిడ మెడ చూసింది. మాట పూర్తి చేయకుండా వెనక ఆగిన కారు దగ్గరికి వెళ్లిపోయింది.

నేనూ మిగతా ఇద్దరి మెడలు చూశాను. బండిలో ముగ్గురం, ముగ్గురి మెడలూ బోసి. రెండు వైపుల చుట్టాల్లోనూ వెతికి వెతికి మమ్మల్ని ముగ్గుర్నే ఏరి ఒక కారులో వేశారు. పసుపు రోజున చంద్రగిరి. తాళి రోజున కాణిపాకం. రిసెప్షనుకి మాత్రం ఫరవాలేదు, అక్కడ ముట్టుకోవాల్సిన మంగళద్రవ్యం ఏమీ ఉండదు.

టీ గ్లాసు తెచ్చిచ్చిన చెంగల్రాయుణ్ణి అడిగాను, "మనం పదికి మండపంలో ఉంటామా?"

"పదికా? ఆదివారం క్యూలోనే రెండు గంటలు పడతాదమ్మా. ఈడోళ్లకు ఎవరికైనా తెలుసే. నన్ను మధ్యాన్నం అన్నాలకు తీసుకురమ్మన్నారు."

హారికకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మురళి ఎత్తాడు. వెనక సన్నాయి వినిపిస్తోంది.

"ఏంటక్కా, దర్శనం అయిందా?"

"మమ్మల్ని భోజనాలకు తీసుకురమ్మన్నారట. నిజమేనా?"

"నిదానంగా దర్శనం చేసుకుని రండక్కా" అన్నాడు.

"ఈ జాబితా సుజాత చేత రాయించావా, నువ్వే రాశావా?"

"సుజాతను ఏమీ అనకక్కా. అది పాపం నీకు నేరుగా చెప్పేద్దామంది. హారికే వద్దంది. అత్త మనసు కష్టపెట్టకుండా నేను చూసుకుంటాను అని కూర్చుని అన్నీ అదే రాసింది."

"నీకు తెలుసా?"

"నీకు తెలియనిదేముందక్కా" అన్నాడు మా తమ్ముడు.

ఫోన్ పెట్టేశాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ముఖం మీద వద్దని చెప్పి ఉంటే తిట్టి, ఏడ్చి, తణుకులోనే ఉండేదాన్ని. పొంగలి తినిపించి, కోట చూపించి, ఓళిగ మీద నెయ్యి పోసి మరీ అవతలికి నెట్టారు. అది కూడా నా మంచం మీద కూర్చుని చదువుకున్న పిల్ల. ఎక్కడ ఏ చట్నీ నాకు నచ్చుతుందో దానికి తెలుసు, అన్నీ సరిగ్గా రాసింది.

టైము ఏడుముప్పావు. ఇప్పుడు తిరిగితే తొమ్మిదికి మండపంలో ఉంటాం. దేశమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"పద, వెనక్కి వెళ్దాం. నువ్వు తల్లివి. నిన్నెవడు ఆపుతాడో నేనూ చూస్తాను."

ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"నన్ను ఎవురూ పంపలేదక్కా. నేనే అడిగినాను, యాడికన్నా దూరం పంపియ్యండని. మండపంలో ఉంటే సూడకుండా ఉండలేను. మూల కూర్చోబెట్టినా తొంగి సూస్తాను. నాకు తెలుసు నా సంగతి."

"చూస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదేమో. అయితే? వాడు ఒక్కడే ఉండాడక్కా నాకు."

నేను కారు దిగేశాను. "బస్సులు ఉండాయమ్మా, పది నిమిషాలకొకటి" అన్నాడు చెంగల్రాయుడు, నా ముఖం చూడకుండా. రోడ్డు దాటి అటువైపు నిలబడ్డాను. తిరుపతి బస్సు వచ్చింది, ఆగింది, కండక్టరు "ఎక్కండమ్మా, ఖాళీగా ఉండాది" అన్నాడు. నేను మెట్టు మీద కాలు పెట్టలేదు.

వెళ్తే ఎవరూ పొమ్మనరు. కుర్చీ వేస్తారు, మంచినీళ్లు ఇస్తారు. హారిక తల ఎత్తి ఎదురుగా నన్ను చూస్తుంది. రేపు వాళ్లిద్దరికీ ఏ జ్వరం వచ్చినా, ఏ కడుపు పోయినా, ఎవరూ పైకి ఏమీ అనరు గానీ అందరికీ నా ముఖమే గుర్తొస్తుంది. దానికి కూడా. ఆ ఆలోచన రాగానే నా మీద నాకే అసహ్యం వేసింది, నేను కూడా వాళ్ల లెక్కే వేస్తున్నానని. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మా నాయనమ్మ నన్ను ఎత్తుకుని పెంచింది. తాతయ్య పోయాక పదేళ్లకి నా పెళ్లి. ఆ పెళ్లిలో నాయనమ్మ ఎక్కడ కూర్చుందో నాకు తెలియదు. ఫొటోల్లో ఎక్కడా లేదు. నేను ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదు.

బస్సు వెళ్లిపోయింది. రోడ్డు దాటి వచ్చి కారెక్కాను. ముసలావిడ అప్పుడే కళ్లు తెరిచి, "వచ్చేసిందా కాణిపాకం?" అంది.

కాణిపాకం

ఇక్కడి వినాయకుడు బావిలో వెలిశాడని, ఏటేటా పెరుగుతున్నాడని చెబుతారు. కొలతకి పాత వెండి కవచాలు చూపిస్తారు. జనం విపరీతం. చెంగల్రాయుడు చెప్పినట్టే రెండు గంటలు పట్టింది. క్యూలో మా ముందు చెన్నై నుంచి వచ్చిన వాళ్లు, వెనక మదనపల్లె టమాటా రైతులు ఇద్దరు, ధర లేక కాయలు రోడ్డు మీద పారబోసి వచ్చామని దేవుడికి కాక మాకు చెప్పుకున్నారు. నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. దేశమ్మ మాత్రం కాగితం చేతిలో పట్టుకుని పేర్లూ నక్షత్రాలూ లోపల్లోపల వల్లించుకుంటూ నడిచింది. అర్చకుడి ముందు ఆ నాలుగు మాటలూ తడబడకుండా చెప్పింది. అప్పుడు ఆమె ముఖంలో ఎంత తృప్తి ఉందో నేను చూశాను.

బయటికి వచ్చి, దాచిపెట్టిన ఫోన్లు తీసుకుని, ఒక రేకుల పందిరి కింద కూర్చున్నాం. ముసలావిడని చెంగల్రాయుడు కారు దగ్గరికి తీసుకెళ్లాడు. పది ముప్పై అయిదు. బంధువుల గ్రూపులో లింకు వచ్చింది, పెళ్లి ప్రత్యక్ష ప్రసారం. నొక్కాను. చుట్టూ గోలలో శబ్దం వినిపించలేదు గానీ బొమ్మ స్పష్టంగా ఉంది. హారిక తల వంచుకుని ఉంది. దాని ఎదురుగా ఒక కుర్చీలో సుజాత వాళ్ల అన్న భార్య కూర్చుని ఉంది.

"దేశమ్మా, పెళ్లి వస్తోంది, చూడు" అన్నాను.

ఆమె చటుక్కున గోడవైపు తిరిగింది. "వద్దక్కా. ఫోన్లో అయినా వద్దు. మూడు ముళ్లూ పడినాక సెప్పు. అప్పుడు కండ్లారా సూస్తాను."

గోడకి ముఖం పెట్టి, చేతులు జోడించి కూర్చుంది. ఫోన్లో ఆమె కొడుకు లేచి నిలబడ్డాడు, తాళి చేతికి తీసుకున్నాడు. ఒకసారి తల తిప్పి జనంలోకి చూశాడు, ఎవరి కోసమో వెతికినట్టు.

"పడినాయా అక్కా?"

"ఇంకా లేదు."

అతను హారిక మీదుగా వంగాడు. నాలో పొద్దుటినుంచి మండుతున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది. ఈ మనిషి పదిహేడేళ్లు మగ్గం దగ్గర నిలబడింది ఈ గోడ చూడటానికా అనుకున్నాను. ఎవడి శాస్త్రం ఇది, ఎవడు రాశాడు, ఈమె చూస్తే ఏమవుతుందో నేనూ చూస్తాను అనుకున్నాను. మొదటి ముడి పడుతోంది.

"పడ్డాయి, చూడు" అన్నాను.

గబుక్కున తిరిగి ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. కొడుకుని చూసింది. ఆ ఒక్క క్షణం ఆమె ముఖం ఎలా వెలిగిందో నేను చెప్పలేను. తర్వాత ఆమె చూపు కిందికి, అతని చేతుల మీదికి దిగింది. చేతులు ఇంకా ముడి వేస్తూనే ఉన్నాయి.

ఫోన్ నా ఒళ్లో పడేసింది. రెండు చేతులతో కళ్లు మూసుకుంది. ఆ తర్వాత చాలా నెమ్మదిగా అంది, "నా బిడ్డక్కా వాడు. నీ బిడ్డయితే ఇట్ల సేస్తావా?"

నాకు పిల్లలు లేరు. అది ఆమెకి తెలియదు.

"చెల్లీ, నేను కావాలని..." అన్నాను. నేను కావాలనే చేశాను.

ఆమె లేచింది. చీర సర్దుకుని, కొంగు ముడిలోంచి డబ్బు తీసి, మళ్లీ అర్చన టికెట్టు కొనుక్కుంది. రాళ్లు కాలిపోతున్నాయి, చెప్పుల్లేకుండా వెళ్లి ఆ క్యూ చివర నిలబడింది. నేను వెనకే వెళ్తే తల తిప్పకుండా, "నువ్వు రావద్దక్కా" అంది.

చెంగల్రాయుడు వచ్చి, మండపం నుంచి ఫోన్ చేస్తున్నారు, అన్నాలకు టైమైంది, ఏం చెప్పాలని అడిగాడు. ఆలస్యమవుతుందని చెప్పమన్నాను. రెండు గంటల పది నిమిషాలు ఆ రేకుల కింద కూర్చుని ఆమె కోసం చూశాను. ఆ సేపంతా సుజాతని, మురళిని, హారికని తిట్టుకుందామని చూశాను. ఒక్కరిని కూడా తిట్టుకోలేకపోయాను.